కొరకని రెక్క

మా ఊళ్ళో, ఎవరికైనా జీవితంలో మొదటిసారి గాలానికి పడిన సాల్మన్‌ను మరియ చేప అంటారు. దానికి రెండు పద్ధతులున్నాయి. దాని వీపు మీద, తోకకు కాస్త ముందు, బొటనవేలి గోరంత మెత్తటి రెక్క ఒకటి ఉంటుంది. పట్టినవాళ్ళు దాన్ని పచ్చిగానే పళ్ళతో కొరికి మింగాలి. ఆ తర్వాత చేపను తమ ఇంటికి తీసుకెళ్ళకుండా ఊళ్ళో అందరికంటే పెద్దావిడకు ఇచ్చేయాలి. మొదటి పని నాకు అస్సలు ఇష్టం లేదు. రెండో పని కోసం మాత్రం ఆగస్టు నుంచీ రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను.

అందరికంటే పెద్దావిడ యోరున్ అవ్వ. ఎనభై ఆరేళ్ళు. మా బడిలో వంట చేసేది. ఆ పనికి ఇంకెవరూ దొరక్క డెబ్బై తొమ్మిదో ఏడు వచ్చేదాకా ఆవిడే చేసింది. బడిలో మేం మొత్తం పంతొమ్మిది మందిమి. టీచరు నిలబెట్టి గట్టిగా చదవమంటే నా గొంతు పూడుకుపోయేది. మిగిలిన పద్దెనిమిది మంది నా వైపే చూస్తూ కూర్చునేవాళ్ళు. అలాంటప్పుడు అవ్వ తలుపు దగ్గరికి వచ్చి, "ఈ పిల్లను కాసేపు పంపించండి. నా కళ్ళజోడు కనిపించడం లేదు, చదివిపెట్టేవాళ్ళు కావాలి" అనేది. కళ్ళజోడు ఆవిడ తల మీదే ఉండేది. వంటగదిలో బంగాళాదుంపల ఆవిరి మధ్య కూర్చుని పిండి సంచుల మీది రాతలు, పాత పత్రికల్లో పెళ్ళి కబుర్లు, వాతావరణం, అన్నీ చదివేదాన్ని. అక్కడ నా గొంతు మామూలుగానే ఉండేది.

ఆ అవ్వ సెప్టెంబరు ఆఖరి మంగళవారం పట్నంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ సంగతి నాకు చెప్పిన రోజు ఆవిడ చాలా హుషారుగా ఉంది.

"ఐదో అంతస్తట. లిఫ్టు ఉందట. రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటాను, ఎవడడ్డం?" అంది. "ఒక్కటే లోటు. ఇప్పటిదాకా నాకు నాలుగు మరియ చేపలొచ్చాయి. ఐదోది కూడా తిని పోదామనుకున్నా. ఇప్పటి పిల్లలకు ఫోను పట్టుకోవడమే వచ్చు, చేపను పట్టుకోవడం ఎక్కడిది!"

"నేను తెస్తాను" అన్నాను.

అవ్వ నా మొహం వైపు చూసింది. నేను గాలపు కర్ర ఎప్పుడూ పట్టుకోలేదని ఆవిడకు తెలుసు. అయినా నవ్వలేదు. "సరే, కుండ ఒకటి సర్దకుండా బయట ఉంచుతాను" అంది.

ఆ రాత్రి డైరీలో ఆ మాట రాసుకుని కింద గీత గీశాను. ఒకరికి నోరు తెరిచి మాటివ్వడం నాకు అదే మొదటిసారి.

చేపలు పట్టుకోవడానికి మా ఏటిని వేసవంతా బయటివాళ్ళు అద్దెకు తీసుకుంటారు. సెప్టెంబరు ఆఖరి శని ఆదివారాలు మాత్రం ఒడ్డున పొలాలున్నవాళ్ళవి. ఈసారి శనివారం స్వావా వాళ్ళ పొలం వంతు వచ్చింది. ఆదివారం ఇంకొకరిది. స్వావా నాకంటే ఒక ఏడాది పెద్దది. వసంతంలోనే బండి నడిపే లైసెన్సు తెచ్చుకుంది. తాతగారి పాత జీపు దాని చేతికి వచ్చిన దగ్గర్నుంచి నడిచి వెళ్ళడం మానేసింది. మాతో వచ్చిన మూడోవాడు స్టుర్లా. స్వావాకు బాబాయి కొడుకు, నాతో ఒకే తరగతి. నేను మాట్లాడని మాటలన్నీ వాడే మాట్లాడతాడని మా అమ్మ అంటుంది.

ఉదయం ఏడు కాకముందే జీపు మా ఇంటి ముందు ఆగింది. కొండల నెత్తిన ఆ ఏడాది మొదటి మంచు సున్నం చల్లినట్టుగా పడి ఉంది.

"ఏమే ఆల్దా, పళ్ళు తోముకున్నావా?" అన్నాడు స్టుర్లా వెనక సీటులోంచి. "రెక్క కొరకాలి కదా మరి."

"ముందు చేపను పడనీరా" అంది స్వావా.

"పడకపోతే ఎట్లా? నేను మాంచి ఉప్పు కూడా తెచ్చా దీనికోసం. పచ్చిది కొరికితే ఎలా ఉంటుందో తెలుసా? చల్లటి చెవి కొస కొరికినట్టు ఉంటుంది."

"నువ్వు ఎవరి చెవి కొరికావు?"

"ఊహే! మనిషికి ఊహ ఉండాలి."

నేను నవ్వాను. వాళ్ళిద్దరి మధ్య ఉంటే నేను మాట్లాడకపోయినా ఎవరికీ లోటు తెలియదు. అందుకే వాళ్ళంటే నాకిష్టం.

ఏటి మలుపులో ఒక పెద్ద బండ నీళ్ళలోకి ఒంగి ఉంటుంది. దాన్ని కుంటి రాయి అంటారు. దాని కింద లోతైన మడుగు. ఒడ్డున పొట్టి పొదలు అప్పటికే ఎర్రబడ్డాయి. ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంట్లు తొడుక్కున్నాం. నాది స్వావా వాళ్ళ నాన్నది. అందులో నాలాంటి వాళ్ళు ఇద్దరు పడతారు.

ఆ రోజుకు మాకు ఒక్క గాలపు కర్ర వాడుకునే హక్కే ఉంది. కాబట్టి వంతులవారీగా వెయ్యాలి. స్వావా నాకు నేర్పింది. దారం చివర ఈకలూ రంగు నూలూ చుట్టి కట్టిన దొంగ ఈగ ఉంటుంది. కర్రను వెనక్కి తీసుకెళ్ళాలి, దారం వెనకాల పూర్తిగా సాగేదాకా ఆగాలి, అప్పుడు ముందుకు వదలాలి. ఈగ ఏటికి అడ్డంగా కొట్టుకుపోయి ఒడ్డు చేరాక ఒక అడుగు దిగువకు జరిగి మళ్ళీ వెయ్యాలి.

"ఆ మధ్యలో ఆగడమే అసలు పని" అంది స్వావా. "అందరూ అక్కడే తొందరపడి చెడగొడతారు."

ఆగడం నాకు బాగా వచ్చు. పదోసారికి దారం నీళ్ళ మీద తిన్నగా పడింది.

"ఓహో!" అన్నాడు స్టుర్లా. పదకొండోసారి ఈగ వాడి టోపీకి తగులుకుంది. "సాల్మన్ టోపీ! ఎంత బరువుంటుందే?"

తొమ్మిది గంటలకు స్టుర్లా వంతులో వాడికి ఒక చేప పడింది. యాభై ఏడు సెంటీమీటర్ల పోతు చేప. దాన్ని ఒడ్డుకు లాగి, చిన్న కర్రతో తల మీద ఒక్కటి వేసి, తడిపిన గోతంలో చుట్టి పొద నీడలో పెట్టాడు. వాడికిది ఏడో సాల్మన్. వాడి మరియ చేప పదేళ్ళప్పుడే పడింది. ఆ కథ మేం నూరుసార్లు విన్నాం, ఆ రోజు నూట ఒకటోసారి విన్నాం. "యోరున్ అవ్వ తిన్న నాలుగోది నాదే తెలుసా?" అని ముగించాడు, ఎప్పటిలాగే.

తర్వాత నా వంతు. మడుగు మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు వేసుకుంటూ దిగాను. ఏమీ లేదు. కాళ్ళు మొద్దుబారాయి. ఎగువ నుంచి రెండు హంసలు వచ్చి మడుగు చివర వాలి, మా గోల చూసి వెళ్ళిపోయాయి. స్వావా ఒడ్డున పడుకుని ముఖం మీద టోపీ వేసుకుంది. ఒంటిగంట అయితే గాలాలన్నీ పైకి తీసేయాలి. మూడింటిదాకా చేపలకూ మనుషులకూ విశ్రాంతి. అది ఏటి నియమం. స్టుర్లా గడియారం చూసి, "ఇంకో ఇరవై నిమిషాలే" అన్నాడు.

అప్పుడు ఈగ కుంటి రాయి నీడలోకి వెళ్ళి ఆగిపోయింది. రాయికి తగులుకుందనుకున్నాను. కర్ర కొంచెం ఎత్తాను. రాయి నడవడం మొదలుపెట్టింది.

"స్వావా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. దారం చుట్టిన రీలు గిర్రున తిరిగి కీచుమంది. అది అందరికీ వినపడింది.

"కర్ర పైకెత్తు! ఎత్తే!" స్వావా లేచి పరుగెత్తుకొచ్చింది. "పోనీ, దాన్ని పోనీ. దారం పట్టుకోకు, తెగుతుంది!"

"లాగవే!" అని స్టుర్లా.

"నువ్వు నోర్మూసుకో! లాగొద్దు ఆల్దా. అది లాగితే ఇవ్వు, అది ఆగితే తీసుకో."

చేప దిగువకు పరుగెత్తింది. నేను రాళ్ళ మీద తూలుకుంటూ దాని వెంట వెళ్ళాను. ఒకచోట మోకాళ్ళ మీద పడ్డాను గానీ కర్ర వదల్లేదు. ఒకసారి అది నీళ్ళలోంచి మొత్తం పైకి లేచింది. వెండిలా మెరవలేదు. సెప్టెంబరు చేప కదా, రంగు మారి రాగి గిన్నెలా ఉంది. దాన్ని చూడగానే నాకు భయం పోయింది. అది లాగితే ఇచ్చాను. ఆగితే తీసుకున్నాను. ఎంతసేపో తెలియదు. చివరికి అది పక్కకు ఒరిగి ఒడ్డు దగ్గరికి వచ్చింది. స్వావా దాని కింద చేతివల పెట్టి ఎత్తింది.

"పడిందిరో!" అని స్టుర్లా గెంతుతూ, "ఉప్పు! ఉప్పెక్కడ పెట్టాను?" అన్నాడు.

స్వావా గెంతలేదు. వలను నీళ్ళలోనే ఉంచి చేప వైపు చూస్తోంది. "ఆడది. పెద్దది" అంది నెమ్మదిగా. "కొలవాలి."

డెబ్బై సెంటీమీటర్లు దాటిన సాల్మన్‌ను మా ఏటిలో చంపకూడదు. బతికుండగానే వదిలేయాలి. ఎక్కువ గుడ్లు పెట్టేవి అవే. కర్ర మీద కొలత గీతలున్నాయి. అది నా చేప కాబట్టి నేనే కొలవాలంది స్వావా. చేతులు తడుపుకుని, చేపను నీళ్ళలోనే కర్ర పక్కన ఆనించాను. మూతి నుంచి తోక చివరికి డెబ్బై ఒకటి.

"తోక నొక్కిపెట్టి కొలిచావు, అలా అయితే పొడుగొస్తుంది" అన్నాడు స్టుర్లా. "విప్పి కొలువు."

విప్పి కొలిచాను. డెబ్బై ఒకటి. ఏమీ తగ్గలేదు.

స్టుర్లా వంగి గీతలు తనే లెక్కపెట్టాడు.

"ఒక్క సెంటీమీటరు" అన్నాడు లేస్తూ. "ఇక్కడెవరు చూస్తున్నారు? హంసలు కూడా పోయాయి. అవ్వ మంగళవారం వెళ్ళిపోతుంది. అవ్వ కోసం ఒక్క సెంటీమీటరు తగ్గితే ఏరేమన్నా ఎండిపోతుందా?"

"నీ చేప" అంది స్వావా నాతో. "నీ ఇష్టం."

నేను చేపను చూశాను. దాని మొప్పలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. పొట్ట నిండా గుడ్లు, నా అరచేతికి తెలుస్తున్నాయి. తోక ముందు ఆ చిన్న రెక్క నీళ్ళకు ఊగుతోంది. అవ్వ బయట ఉంచిన కుండ గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది. అయినా గాలం ఊడదీసి, వల అంచు నీళ్ళలోకి ముంచాను.

"పోనీ రెక్క మాత్రం కొరికి వదిలేయ్!" అన్నాడు స్టుర్లా.

"నీ చెవి కొరికి వదిలేస్తే నీకెలా ఉంటుంది?" అంది స్వావా.

మూతి ఎగువకు తిప్పి, తోక దగ్గర పట్టుకుని నిలబడ్డాను. కాసేపు అది నా చేతిలోనే ఊపిరి పీల్చుకుంది. తర్వాత తోక ఒక్కసారి గట్టిగా ఆడించి కుంటి రాయి కిందికి వెళ్ళిపోయింది. నా చెయ్యి ఇంకా గుండ్రంగానే ఉండిపోయింది.

ఒంటిగంట అయింది. ఏటి పక్క గుడిసెలో చేపల పుస్తకం ఉంటుంది. పట్టిన ప్రతి చేప వివరం అందులో రాయాలి. నేనే రాశాను: కుంటి రాయి, ఆడది, డెబ్బై ఒకటి, వదిలేశాం. పొగబెట్టిన గొర్రె మాంసం పెట్టుకుని పలచటి రొట్టెలు తిన్నాం.

మూడు నుంచి చీకటి పడబోయేదాకా మళ్ళీ వేశాం. వాళ్ళిద్దరూ తమ వంతులు కూడా నాకే ఇచ్చేశారు. చినుకులు పడ్డాయి. ఒక్క చేపా కదల్లేదు.

జీపు ఎక్కుతుంటే స్టుర్లా గోతం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"ఇది తీసుకెళ్ళు. నీదని చెప్పు. అవ్వకు కావాల్సింది సాల్మన్. ఇది సాల్మనే."

నేను ఏమీ అనలేదు. నేను ఏమీ అనకపోతే అందరూ ఔననుకుంటారు. ఆ రోజు నేను కూడా అలాగే అనుకోనిచ్చాను. స్వావా అద్దంలో నా వైపు ఒకసారి చూసి బండి తీసింది. దారి పొడుగునా గోతం నా మోకాళ్ళ మీద చల్లగా ఉంది.

అవ్వ ఇంట్లో అన్నీ అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. పొయ్యి మీద కుండ మాత్రం ఉంది. బల్ల మీద నాలుగు పళ్ళేలు కూడా పెట్టి ఉన్నాయి. ఎన్ని రోజుల నుంచి అలా పెట్టి ఉంచిందో.

"వచ్చారా! తలుపు వెయ్యండి, వేడి పోతుంది. ఏదీ?" అంది.

"ఇదిగో అవ్వా, ఆల్దా మరియ చేప!" అన్నాడు స్టుర్లా. గోతం విప్పి బల్ల మీది పాత పత్రిక మీద పెట్టాడు. "చూశావా, ఎంత బాగుందో? మేం చెప్పలేదూ, మా ఆల్దా చేతిలో పనితనం ఉందని?"

అవ్వ ఈసారి నిజంగానే కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుంది. చేప తల పట్టుకుని చూసింది. మొప్పలు ఎత్తి చూసింది. బొటనవేలు వీపు వెంబడి నెమ్మదిగా తోకదాకా జరిపింది. తోక ముందు ఆ వేలు ఆగిపోయింది. ముందుకూ వెనక్కూ రెండుసార్లు ఆడించింది. అక్కడ ఆ చిన్న రెక్క చెక్కు చెదరకుండా నిలబడి ఉంది.

మేం ముగ్గురం దాన్ని చూశాం. దారి పొడుగునా మా ముగ్గురిలో ఒక్కరికీ అది తట్టలేదు.

"ఇప్పటికి నాలుగు మరియ చేపలు ఈ బల్ల మీద పెట్టారు" అంది అవ్వ. "నాలుగింటికీ ఇక్కడ పంటి గాటు ఉంది. ఒరేయ్ స్టుర్లా, నీదానికైతే సగం వీపు లేదు."

"మరిచిపోయింది అవ్వా" అన్నాడు స్టుర్లా, చెవులు ఎర్రబడుతుంటే. "కంగారులో..."

"నిన్నడగలేదు."

అవ్వ నా వైపు చూసింది. స్వావా, స్టుర్లా కూడా చూశారు. పద్దెనిమిది మంది చూసినప్పటికంటే కష్టంగా ఉంది. ఆ రెక్కనే చూస్తూ నిలబడ్డాను. నాకు నా చేప రెక్క కనిపించింది, నీళ్ళలో ఊగుతూ.

"ఇది నాది కాదు" అన్నాను. "స్టుర్లాది. నాకు పడింది. డెబ్బై ఒకటి ఉంది. వదిలేశాను."

కుండలో నీళ్ళు మరుగుతున్నాయి. అవ్వ కళ్ళజోడు తీసి తల మీదికి నెట్టుకుంది.

"కూర్చో" అంది. "ఏ మడుగు?"

"కుంటి రాయి."

"రాయికి ఎగువా, కిందా?"

"కింద. నీడలో."

"నీడలో ఎక్కడే? ఒడ్డు వైపా, అవతలి వైపా? సరిగ్గా చెప్పు. మొదటి నుంచి చెప్పు."

మొదటి నుంచి చెప్పాను. దొంగ ఈగ రంగు అడిగింది, చెప్పాను. ఎన్నిసార్లు పరుగెత్తిందో, ఎటు తిరిగిందో, నేను ఏ రాళ్ళ దగ్గర పడ్డానో అడిగింది. లేచి బల్లకూ కిటికీకీ మధ్య నడిచి చూపించాను. రాయి నడిచిందన్న చోట అవ్వ బల్ల మీద చరిచి, "అదీ! అదే!" అంది. రాగి గిన్నెలా పైకి లేచిందన్న చోట కళ్ళు మూసుకుంది. స్టుర్లా రెండుసార్లు మధ్యలో నోరు తెరిచాడు. రెండుసార్లూ అవ్వ చెయ్యెత్తి ఆపింది. వాడి నోరు మూతపడి నేను మాట్లాడుతూ ఉండటం అదే మొదటిసారి. కుండలో వేసిన బంగాళాదుంపలు ఉడికి పగిలిపోయాయి.

"గుడ్లు బాగా ఉన్నాయా?" అంది చివర్లో.

"చేతికి తెలిశాయి అవ్వా."

అవ్వ తలూపింది. తర్వాత కత్తి తీసుకుని స్టుర్లా చేపను కోయడం మొదలుపెట్టింది.

"ఇది స్టుర్లా పెట్టిన భోజనం. బాగుంది, తిందాం" అంది. "ఐదోది ఏటిలో ఉంది. నాదే కదా, నాకు నచ్చిన చోట ఉండనీ. అబద్ధం మాత్రం నాకు ఇంకెప్పుడూ తేకు. నువ్వు తెచ్చినా మొయ్యలేవు, మొహం చూస్తే తెలిసిపోతుంది."

"తేను" అన్నాను.

"ఆ రెక్క పారెయ్యకండి" అంది కత్తి కొసతో దాన్ని కోసి పక్కకు నెట్టి. "ఈ వ్యవహారం అంతటికీ బుర్ర ఎవరిదో వాడు తింటాడు."

స్టుర్లా జేబులోంచి ఉప్పు తీశాడు. స్వావా నవ్వి నవ్వి అట్టపెట్టె మీద కూలబడింది.

సోమవారం సాయంత్రం అమ్మ పాలకు పంపిస్తే కొట్టుకు వెళ్ళాను. లోపల ఆరేడుగురున్నారు. అవ్వ అందరి దగ్గరా వీడ్కోలు తీసుకోవడానికి వచ్చినట్టుంది, బల్ల దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"కుంటి రాయి కింద నాకొక సాల్మన్ ఉంది" అని చెబుతోంది. "ఆల్దా పట్టింది. పదిహేను నిమిషాలు పోరాడింది. ఆడది. ఎనభై సెంటీమీటర్లు!"

"ఎనభై! అబ్బో!" అన్నాడు కొట్టతను.

నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఎవరూ నన్ను చూడలేదు. పాలు తీసుకుని వెళ్ళిపోవచ్చు.

"డెబ్బై ఒకటి" అన్నాను.

గట్టిగానే వచ్చింది. అందరూ వెనక్కి తిరిగారు. అవ్వ కూడా తిరిగింది. ఆవిడ మొహంలో కాస్తయినా సిగ్గు లేదు. ఇంతకాలం దేనికోసమో ఎదురుచూసి అది దొరికినట్టు చూసింది.

"విన్నారుగా" అంది వాళ్ళతో. "పట్టినావిడే చెబుతోంది. డెబ్బై ఒకటి. రా ఆల్దా, ఇలా వచ్చి వీళ్ళకు సరిగ్గా చెప్పు. నా కళ్ళజోడు కనిపించడం లేదు."

కళ్ళజోడు తల మీదే ఉంది. నేను వెళ్ళి ఆవిడ పక్కన నిలబడి, కుంటి రాయి దగ్గర మొదలుపెట్టాను.